పిత్రార్జితం

గుండె డాక్టరు గది బయట కూర్చోబెట్టి, నింపమని చేతిలో ఒక కాగితం పెట్టారు. పేరు, వయసు, సిగరెట్టు, మందు, బీపీ, షుగరు, అన్నిటికీ గళ్ళున్నాయి. టిక్కు పెడితే పనైపోతుంది. అడుగున ఒక ప్రశ్న మిగిలింది: మీ కుటుంబంలో ఎవరికైనా గుండె జబ్బు ఉందా? దానికి గడి లేదు, గీత ఉంది. బెత్తెడు గీత. మా వంశమంతా అందులో ఇమడాలి.

"నాన్న, గుండెపోటు, 50 ఏళ్ళు" అని రాశాను. నాకప్పటికి యాభై దాటి పదకొండు నెలలు. చిన్నతనంలో తండ్రి పోయిన మగపిల్లలు ఈ లెక్క లోలోపల వేసుకుంటూనే ఉంటారు, పైకి చెప్పరు. నాన్న కంటే నేను ఒక్క రోజు పెద్దవాణ్ణయిన నాడు ఆఫీసుకి సెలవు పెట్టాను. ఇంట్లో పన్నునొప్పి అని చెప్పాను.

గీత మీద ఇంకా కాస్త చోటుంది. తాతని రాయాలా? తాత రోజుకి అరడజను లంక పొగాకు చుట్టలు కాల్చి, ఎనభై ఎనిమిదో ఏట నూతి దగ్గర జారిపడి, తుంటి విరిగి పోయాడు. గుండెకి ఏ ఢోకా రాలేదు. కాగితం జబ్బు ఎవరికొచ్చిందో అడిగింది గానీ, ఎవరికి రాలేదో అడగలేదు. తాతని వదిలేశాను.

మా ఇంట్లో ఈ ఇద్దరి పేరు మీదా రెండు సిద్ధాంతాలు నడుస్తున్నాయి. నాన్న సిద్ధాంతం: "మన వంశంలోనే ఉంది, ఎంత నోరు కట్టుకున్నా ఏం లాభం." తాత సిద్ధాంతం: "ఆరు చుట్టలు కాల్చినాయన తొంభై దాకా ఉన్నాడు, మనకేం." విచిత్రమేమంటే ఈ రెండూ ఒకే నోట వస్తాయి. మా తమ్ముడు ఒకే భోజనంలో, నెయ్యి మారు వడ్డించుకుంటూ మొదటిదీ, చెయ్యి కడుక్కుని సిగరెట్టు వెలిగిస్తూ రెండోదీ చెప్పడం నేను స్వయంగా విన్నాను.

మాది కోనసీమ. పిత్రార్జితం, స్వార్జితం అనే మాటలు మాకు బళ్ళో చేరకముందే తెలుసు. 1979లో నాన్న, ఇద్దరు పెదనాన్నలు పంచుకున్నప్పుడు నాకు ఆరేళ్ళు. కొబ్బరితోట మూడు వాటాలు వేసి, చీట్లు రాసి చెంబులో పడేసి, చిన్నపిల్లాడి చేత తీయిస్తే పేచీ ఉండదని నన్ను పిలిచారు. నాన్న పేరు మీద నేను తీసిన చీటీకి కాలవ పక్క చెక్క వచ్చింది. ఏటా వర్షాలకి మునిగేది. నాన్న ఒక్క మాటా అనలేదు. నేనే చాలా ఏళ్ళు ఆ చెయ్యిని వెనక్కి దాచుకుని తిరిగాను.

కడుపులో పడేటప్పుడూ చీట్లే వేస్తారని తర్వాత చదువుకున్నాను. నాన్న జన్యువుల్లో సగం నాకు, సగం అక్కకి, సగం తమ్ముడికి. కానీ ఎవరి సగం వాళ్ళదే. ఏ సగంలో ఏముందో చూసి సర్దడానికి అక్కడ పెద్దమనుషులు లేరు. ఆడా మగా తేడా కూడా లేదు. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన చట్టం ఉమ్మడి ఆస్తిలో పెళ్ళికాని ఆడపిల్లలకి వాటా ఇచ్చింది, 1985 సెప్టెంబరు నుంచి. మా అక్క పెళ్ళి అదే ఏడు మే నెలలో అయిపోయింది. తోటలో ఆమెకి చెట్టు కాదు కదా, మట్ట కూడా రాలేదు. నాన్న నెత్తుట్లో వాటా మాత్రం ఏ చట్టమూ రాకముందే రాసేసి ఉంది.

డాక్టరు ముప్పై అయిదేళ్ళవాడు. నా కాగితం చూశాడు.

"నాన్నగారు సిగరెట్టు కాల్చేవారాండీ?"

"రోజుకో పెట్టె."

"బీపీ?"

"ఎప్పుడూ చూపించుకోలేదండి."

"ఏం ఉద్యోగం?"

"రైసుమిల్లులో గుమాస్తా. పొద్దున్నించి రాత్రిదాకా గద్దె మీదే."

"మరి తాతగారు?"

"వ్యవసాయం. తెల్లారకుండా గట్ల మీద ఉండేవాడు."

"అయితే మీరు రాసిన ఈ యాభైలో వంశానిదెంత, సిగరెట్టుదెంత, గద్దెదెంత?" అని అడిగి, నా జవాబు కోసం చూడకుండా బీపీ పట్టీ చుట్టాడు.

వంశం వాటా ఉందన్న మాట అబద్ధం కాదు. స్వీడన్‌లో ఇరవై ఒక్క వేల మంది కవలల్ని దశాబ్దాలపాటు గమనించి 1994లో లెక్క ప్రకటించారు. ఒకే అండం నుంచి పుట్టిన మగ కవలల్లో ఒకడు 55 ఏళ్ళ లోపు గుండె జబ్బుతో పోతే, రెండోవాడికి ఆ ముప్పు ఎనిమిది రెట్లు. రెండండాల కవలలైతే నాలుగు రెట్లకి కాస్త తక్కువ. అయితే మొదటివాడు పోయిన వయసు పెరిగేకొద్దీ ఆ బంధం సడలిపోతుంది. అందుకే డాక్టర్లు కూడా తండ్రికో అన్నదమ్ములకో 55 లోపు, తల్లికో అక్కచెల్లెళ్ళకో 65 లోపు వస్తేనే దాన్ని వంశ ఖాతాలో గట్టిగా రాసుకుంటారు. ఎనభై అయిదేళ్ళ మావయ్యకి స్టెంటు వేశారని వంశాన్ని ఆడిపోసుకోనక్కర్లేదు.

ఇక్కడ అందరూ జిమ్ ఫిక్స్ కథ చెబుతారు. 1977లో పరుగు మీద పుస్తకం రాసి అమెరికాని రోడ్ల మీద పరుగెత్తించిన మనిషి, 1984 జులైలో వెర్మాంట్‌లో పరుగెత్తుతూనే కూలిపోయాడు. 52 ఏళ్ళు. కోసి చూస్తే గుండె రక్తనాళాలు చాలా మట్టుకు మూసుకుపోయి ఉన్నాయి. (మనవాళ్ళయితే "వాల్వులు బ్లాకయ్యాయి" అంటారు. వాల్వులు వేరు, నాళాలు వేరు అని ఎంతమందికి చెప్పినా నా నోరు నొప్పి పుట్టిందే గానీ ఊళ్ళో మాట మారలేదు.) నాన్న సిద్ధాంతం వాళ్ళకి అదొక పండగ. అంత పరుగెత్తినవాడే పోయాడు, ఇక మనమెందుకు చెమటోడ్చడం?

వాళ్ళు చెప్పని భాగం ఒకటుంది. ఫిక్స్ తండ్రికి మొదటి పోటు 35వ ఏట వచ్చింది, 43కి పోయాడు. ఫిక్స్ కూడా ముప్పై అయిదు దాకా రోజుకి రెండు పెట్టెలు కాల్చి, నూరు కిలోలకి అటూ ఇటూగా తూగినవాడే. తండ్రి కంటే తొమ్మిదేళ్ళు ఎక్కువ బతికాడు. ఆ తొమ్మిదీ పరుగే ఇచ్చిందని ఒక్క మనిషిని చూసి చెప్పలేం. నాకు అతని మీద ఫిర్యాదు వేరే ఉంది. ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకోమంటే వద్దన్నాడట. తన కష్టార్జితంతో తండ్రి పద్దు కొట్టేశాననుకున్నాడు కాబోలు. పాత పద్దు ఎంతుందో చూసుకోకుండా చెల్లేసిందనుకునే కొడుకులు మా ఊళ్ళో కూడా ఉన్నారు.

ఆ పద్దెంతో, చెల్లింపెంతో నాకు తెలిసినంతలో బాగా తేల్చిన లెక్క 2016లో వచ్చింది. అమెరికాలో, స్వీడన్‌లో యాభై అయిదు వేల చిల్లర మందిని తీసుకుని, డీఎన్‌ఏలో గుండె నాళాల జబ్బుతో సంబంధమున్న 50 చోట్లు చూసి ఒక్కొక్కరి పిత్రార్జితానికి మార్కులు వేశారు. స్వార్జితానికి నాలుగు మార్కులు: సిగరెట్టు కాల్చకపోవడం, ఊబకాయం లేకపోవడం, ఒళ్ళు కదలడం, తిండి సరిగ్గా ఉండటం. మూడు వస్తే మంచి అలవాట్లు. పిత్రార్జితం చెడ్డగా ఉన్నవాళ్ళకి ముప్పు, బాగున్నవాళ్ళ కంటే దాదాపు రెట్టింపు తేలింది. అదే చెడ్డ పిత్రార్జితంతో పుట్టినవాళ్ళలో మంచి అలవాట్లున్నవారికి ముప్పు సుమారు సగం తగ్గింది.

శాతాలు చెబితే మా తమ్ముడు ఫోన్ చూసుకుంటాడు. తలకాయలు చెబితేనే వింటాడు. ఆ పరిశోధనలో ఒక అమెరికన్ గుంపు లెక్క అతనికి ఇలా చెప్పాను: చెడ్డ చీటీ, చెడ్డ అలవాట్లు ఉన్న వెయ్యి మందిలో పదేళ్ళలో 107 మందికి వచ్చింది. చెడ్డ చీటీ, మంచి అలవాట్లయితే 51. మంచి చీటీ, చెడ్డ అలవాట్లు, 58. రెండూ మంచివైతే 31.

"అంటే," అన్నాడు తమ్ముడు, వేళ్ళు ముడుస్తూ, "మంచి చీటీ వచ్చి సిగరెట్టు కాల్చేవాడూ, చెడ్డ చీటీ వచ్చి నీలాగా పొద్దున్నే నడిచేవాడూ ఇంచుమించు ఒకటే."

"ఒరేయ్, నీ చీటీ ఏదో నీకు తెలుసా?"

తెలీదు. అదే తంటా. ఎవడికి వాడు తనది తాత చీటీ అనుకునే కాలుస్తాడు.

ఆ నాలుగంకెల్లో నన్ను కట్టిపడేసింది ఇంకోటుంది. సగం తగ్గడం రెండు పక్కలా రమారమి ఒకలాగే ఉంది. కానీ మంచి చీటీ వాళ్ళలో తప్పించుకున్నవారు వెయ్యికి 27 మంది, చెడ్డ చీటీ వాళ్ళలో 56 మంది. అదే నడక, అదే మానేసిన సిగరెట్టు, అవతలివాడికి ఇచ్చినదానికి రెట్టింపు మనకిస్తోంది. మునిగే చెక్క వచ్చినవాడికే గట్టు వేసుకోవడం వల్ల ఎక్కువ లాభం. వంశంలో ఉంది కాబట్టి లాభం లేదన్న నాన్న సిద్ధాంతాన్ని తలకిందులు చేసి చదువుకోవాలన్నమాట. ఇది తెల్లవాళ్ళ మీద వేసిన లెక్క, అంకెలు మనకి అచ్చంగా అలాగే దిగాలని లేదు. మన గోదావరి జిల్లాల్లో 2003–04లో నలభై అయిదు ఊళ్ళు తిరిగి, ఏడాదిలో జరిగిన చావులకి కారణాలు ఇంటింటా అడిగి రాసుకుంటే, మూడింట ఒకటి దాకా గుండె, రక్తనాళాల జబ్బులవే తేలాయి. మావైపు చెక్కలు చాలా పల్లంలోనే ఉన్నట్టున్నాయి.

గుండెపోటంటే కాలవ పూడుకుపోవడమని చాలాకాలం అనుకున్నాను. డెల్టాలో పుట్టినవాడికి అలాగే తోస్తుంది. వేసవిలో కాలవలు కట్టేస్తారు, అడుగున పేరుకున్న ఒండ్రు తీస్తారు, మళ్ళీ నీళ్ళు వదుల్తారు. నాళంలో కొవ్వు కూడా అలాగే పేరుకుంటుంది, యాంజియో చేసి తీసేస్తారు, అంతే కదా అని. అంతే కాదు. కొవ్వు నీళ్ళడుగున పేరుకోదు, గట్టు లోపలికి ఇంకుతుంది. చెడు కొలెస్ట్రాల్ నాళం గోడలోకి దూరి, అక్కడ వాపు పుట్టించి, ఏళ్ళ తరబడి లోపల్లోపల కురుపులా తయారవుతుంది. చాలా పోట్లు ఆ గోడ చిట్లి, చిట్లినచోట నెత్తురు గడ్డకట్టడం వల్ల వచ్చేవే. మావైపు భాషలో గండి పడటం. నిన్నటిదాకా నీళ్ళు బాగానే పారిన కాలవకీ గండి పడుతుంది.

ఇలా చూస్తే రెండు ఆస్తులూ ఎక్కడ కలుస్తాయో కనపడుతుంది. నెత్తుట్లో ఎంత కొలెస్ట్రాల్ తిరగాలో, దాన్ని కాలేయం ఎంత వేగంగా లాక్కోవాలో చాలావరకు పుట్టుకతో వస్తుంది. గోడకి పడ్డ గీతల్ని బాగుచేసుకునే ఓపిక కూడా కొంత అంతే. ఆ గీతలు గీసేది సిగరెట్టు. గోడని వత్తేది బీపీ. నెత్తురు చిక్కబడి గడ్డ కట్టేలా తోసేదీ సిగరెట్టే. ఉమ్మడి కుటుంబంలో కొడుకు తన సంపాదన తెచ్చి ఉమ్మడి పెట్టెలో పడేశాక ఏ రూపాయి ఎవరిదో ప్లీడరు కూడా చెప్పలేడు. గోడలో కొవ్వుకీ అదే గతి.

ఇంతకీ పిత్రార్జితమంటే జన్యువులేనా? మా ఇంట్లో నాన్న పడక కుర్చీ ఉంది. మిల్లు నుంచి వచ్చి, అన్నం తిని, అందులో వాలిపోయేవాడు. ఆ కుర్చీ నాకొచ్చింది. మజ్జిగన్నంలోకి కూడా ఆవకాయ ఉండాల్సిందేనన్న పట్టుదల వచ్చింది. పెరుగు పుల్లగా ఉంటే కంచం తోసేసే కోపం వచ్చింది. ఇవన్నీ ఏ క్రోమోజోములో ఉన్నాయి? కాగితం మీద "కుటుంబంలో" అంటే ఇవీ కలిసే వస్తాయి.

ఈ చిక్కు పెద్దవాళ్ళకీ తప్పలేదు. లండన్ బస్సుల్లో రోజంతా కూర్చునే డ్రైవర్ల కంటే, మెట్లెక్కి దిగే కండక్టర్లకి గుండె జబ్బు తక్కువని జెర్రీ మోరిస్ 1953లో చూపించాడు. ఒళ్ళు కదలడం గుండెకి మంచిదన్న మాట నిలబడింది ఆ డబుల్ డెక్కర్ మెట్ల మీదే. ఆ తర్వాత ఆయనే, ఆయన తోటివాళ్ళే, ఒక అనుమానంతో యూనిఫారాల కొలతలు తిరగేశారు. డ్రైవర్ల ప్యాంట్లకి నడుము కొలత కండక్టర్ల కంటే ఎక్కువ. కుర్రవాళ్ళలో కూడా అంతే. సీటు వాళ్ళని లావు చేసిందా, లావుగా ఉండే వంశాలవాళ్ళు సీటు వెతుక్కున్నారా? తన ముచ్చటైన సిద్ధాంతాన్ని తనే టేపు పెట్టి కొలుచుకున్న మనిషంటే నాకు గౌరవం. మన ఉపన్యాసకుల్లో ఆ జాతి తక్కువ.

కుర్చీల సంగతి విడిగా చూడాలంటే జన్యువులు అవే ఉండి ఊరు మారినవాళ్ళని చూడాలి. జపాన్‌లో ఉండిపోయిన మగవాళ్ళని, హవాయి వెళ్ళిన జపనీయుల్ని, కాలిఫోర్నియా చేరినవాళ్ళని పక్కపక్కన పెట్టి 1970ల్లో చూశారు. గుండె జబ్బు జపాన్‌లో తక్కువ, హవాయిలో మధ్యస్తం, కాలిఫోర్నియాలో ఎక్కువ. కాలిఫోర్నియాలో ఉండి కూడా తమ పద్ధతుల్ని, బంధుత్వాల్ని వదలకుండా బతికినవాళ్ళలో జబ్బు తక్కువ. సముద్రం దాటినా చీటీ అదే. న్యూజెర్సీలో ఉన్న మా పిల్లాడికి ఈ సంగతి చెబితే, "నాన్నా, నువ్వు కోనసీమలోనే కాలిఫోర్నియా తెచ్చి పెట్టుకున్నావు కదా" అన్నాడు. వాడి కోపం కూడా పిత్రార్జితమే.

కొన్ని చీట్లు మాత్రం ఓపిక పట్టి కూర్చుంటాయి. హైదరాబాద్ సీసీఎంబీలో తంగరాజ్ గారి బృందం 2009లో ప్రకటించినది అలాంటిదే: గుండె కండరానికి సంబంధించిన ఒక జన్యువులో 25 అక్షరాలు ఎగిరిపోయి ఉండటం. మన ఉపఖండంలో నూటికి నలుగురు దాన్ని మోస్తున్నారు. ఇది నాళాల జబ్బు కాదు, కండరం నీరసించే జబ్బు. వయసులో ఉన్నప్పుడు ఒళ్ళు ఆ తప్పుడు ప్రోటీన్‌ని ఎప్పటికప్పుడు ఊడ్చేస్తుందనీ, వయసు మళ్ళాక ఊడ్చే శక్తి తగ్గుతుందనీ వాళ్ళ ఊహ. అప్పటికి పిల్లలు పుట్టేసి ఉంటారు, చీటీ చేతులు మారిపోయి ఉంటుంది.

ఇంకోవైపు, 9వ క్రోమోజోము మీద గుండెపోటుకి దోహదం చేసే ఒక చోటు ఉంది, 2007లో దొరికింది. పచ్చి కూరలు, పళ్ళు బాగా తినేవాళ్ళలో దాని ప్రభావం చాలా సన్నగిల్లిందని 2011లో ఒక పరిశోధన చెప్పింది. అది నిలబడుతుందో లేదో గానీ, చదివిన రాత్రి నేను కంచం వంక చూసుకున్నాను. మనింట్లో పచ్చిగా తినేది పకోడీల పక్కన ఉల్లిపాయ ముక్క ఒక్కటే.

డాక్టరు నా పరీక్షల్లో పెద్దగా తప్పు పట్టలేదు. "మీ తోబుట్టువులకి చేయించారా?" అన్నాడు. తమ్ముడికి నూటికి నూరుపాళ్ళూ ఏదో బయటపడుతుందని లోపల కొంచెం ఆశగా ఉండేది, దాచడమెందుకు. వాడి చెడు కొలెస్ట్రాల్ 104. వాడు ఆ కాగితాన్ని వాట్సాప్‌లో బంధువులందరికీ పంపాడు.

అక్కది 212.

అక్కకి యాభై ఎనిమిది. బొంగరంలా తిరుగుతుంది. నీచు ముట్టదు, నూనె చెంచాతో కొలుస్తుంది, మనిషి చూస్తే వెదురు బద్ద. పెళ్ళయిన నలభై ఏళ్ళలో ఒక్కసారీ కొలెస్ట్రాల్ చూపించుకోలేదు. ఆడవాళ్ళకి గుండెపోటేమిటి అన్న ధీమా. నెలసరి ఆగాక ఆ ధీమాకి ఆధారం తరిగిపోతుందని ఎవరూ చెప్పలేదు. గుండెల్లో మంటంటే వాము నమిలేది. నాన్న కూడా ఆ రాత్రి గ్యాసనే అన్నాడు. వాము నమిలాడు, గోలీసోడా తెప్పించుకుని తాగాడు. సోడా తెచ్చింది నేనే.

నడకతో, తిండితో తగ్గేది ఎంతో కొంత ఉంటుంది గానీ, ఇంత పైన ఉన్నదానికి మాత్ర కావాలన్నాడు డాక్టరు. చేయాల్సినవన్నీ చేసిన మనిషికి మాత్ర, ఏదీ చేయనివాడికి 104. అక్క చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పొలంలో ఇవ్వకపోతేనేం, దీంట్లో పెద్ద వాటా నాకే ఇచ్చాడు నాన్న," అంది. తమ్ముడు ఆ మాటకి తలొంచుకున్నాడు. ఆ సాయంత్రం మా వసారాలో సిగరెట్టు వెలగలేదు. మర్నాడు వెలిగింది.

నెల తర్వాత అక్కని నేనే తీసుకెళ్ళాను. అదే గది, అదే కాగితం. కళ్ళజోడు తెచ్చుకోలేదని నన్ను నింపమంది. గీత దగ్గరికొచ్చి, నాన్న పేరు, 50 రాశాను.

"అమ్మని రాయవేం?"

"అమ్మకి జబ్బు లేదు కదే."

అమ్మకి డెబ్భై తొమ్మిది. నాన్న తిన్న ఉప్పే తిన్నది, నాన్న పొగే పీల్చింది, అదే ఇంట్లో. ఇప్పటికీ పొద్దున్నే కాలవ గట్టు వెంట గుడికి నడిచి వెళుతుంది. మనిషిని కాపాడే జన్యువులు కూడా వంశాల్లో ఉంటాయి. అమెరికాలో కొందరు నల్లవాళ్ళకి పీసీఎస్‌కే9 అనే జన్యువు ఒకటి పాడై పుడుతుంది. వాళ్ళలో బీపీ ఉన్నవాళ్ళూ, పొగతాగేవాళ్ళూ చాలామందే ఉన్నా, పదిహేనేళ్ళు గమనిస్తే గుండె నాళాల జబ్బు మిగతావాళ్ళ కంటే 88 శాతం తక్కువ తేలిందని 2006లో రాశారు. కొత్త కొలెస్ట్రాల్ ఇంజెక్షన్లు ఆ అదృష్టాన్ని చూసి తయారు చేసినవే. అమ్మ దగ్గర ఏముందో, తాత దగ్గర ఏముండేదో మాకెవరికీ తెలీదు. అడిగే గడి లేదు.

"జబ్బు లేదనే రాయమంటున్నా. నేను ఆవిడ కూతుర్ని కూడా కదరా."

నాన్న పక్కన ఇంకో అంగుళం చోటుంది. "అమ్మ, 79, లేదు" అని ఇరికించి రాశాను.